మందనుండి మన్యమునకు

పశువుల క్షయవ్యాధియు, అడవి మృగముల రక్షణయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక ఊరిలో పాఠశాలను తెరచుట మంచిపని. గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు తలుపు మూయక నడుపుట అంతకంటె కష్టమైన పని. పాఠశాలకు ప్రభుత్వము జీతమిచ్చు ఉపాధ్యాయుడుండును. ఇట్టి గ్రంథాలయమునకు ఊరివారి అభిమానమే జీతము. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగిననాటినుండి మన పెద్దలు గ్రంథాలయమును పుస్తకములు దాచు కొట్టుగా తలపలేదు. అక్కరకు వచ్చు తెలివిని ఇంటింటికి చేర్చు సాధనముగా తలచిరి. ఆ తలపుతోనే కార్యవర్గమువారు నన్ను కావ్యములను గూర్చి కాక పశువులను గూర్చి మాటాడుమని కోరినారు. వారికి నా కృతజ్ఞతలు.

నేను చెప్పదలచినది ఒక్కటే మాట. పశువుల క్షయవ్యాధిని మందలోనే ఆపవలెను. అది అడవికి దాటిన పిమ్మట ఆపుట మిక్కిలి దుర్లభము. అడవి మృగమును చంపి మందను కాపాడుదుమను మార్గము పలుదేశములలో త్రొక్కి చూడబడినది. దాని ఫలమేమో మీ ముందుంచెదను. మందను బాగుచేసి అడవిని కాపాడిన మార్గమును గూర్చియు చెప్పెదను. ఈ రెంటిని పోల్చి చూచినచో మన కొండలలో ఏమి చేయవలెనో తేటపడును.

సీతంపేట చుట్టుపట్ల నున్న ఈ కొండలను చూడుడు. ఒకవైపు వంశధార, మరియొకవైపు నాగావళి. నడుమ పాలకొండ కొండలు. సవరల ఊళ్లు, జాతాపుల ఊళ్లు అడవిలోనికి చొచ్చుకొనియున్నవి. ఉదయము కాపరి తోలుకొనిపోయిన మంద మధ్యాహ్నమున ఏ గెడ్డలో నీళ్లు త్రాగునో, రాత్రి అదే గెడ్డకు అడవిపంది దిగును, కొండగొర్రె దిగును. 2007లో ఒడిశాలోని లఖారీ లోయనుండి ఏనుగులు ఈ ప్రాంతమునకు దిగివచ్చినవి. 2018లో మరియొక మంద వచ్చి, నేడు పార్వతీపురం మన్యం జిల్లాగా నున్న భూములలో తిరుగుట మొదలిడినది. ఊరికి అడవికి నడుమ గోడలేదు. ఒకే నీరు, ఒకే గడ్డి. కావున రోగము కూడ ఉమ్మడి సొత్తగుటకు అవకాశమున్నది.

ఇక క్షయ యనగా ఏమో చెప్పెదను. అది మనుష్యులకు మాత్రమే వచ్చు వ్యాధి కాదు. ఆవునకు, గేదెకు, మేకకు, పందికి, జింకకు, ఏనుగునకు, సింహమునకు సైతము వచ్చును. 1882 మార్చి 24వ తేదీన రాబర్టు కాఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు బెర్లినులో ప్రకటించెను. అంతటి మహనీయుడు 1901లో లండను మహాసభలో, పశువుల క్షయవలన మనుష్యులకు చెప్పుకోదగిన ప్రమాదము లేదని పలికెను. ఆ మాటను పరీక్షించుటకు బ్రిటిషు ప్రభుత్వము ఒక రాయల్ కమీషనును నియమించినది. ఆ సంఘమువారు పదేండ్లు శ్రమించి, 1911లో తమ తుది నివేదికనిచ్చిరి. వ్యాధిగ్రస్తమైన ఆవుపాలు త్రాగిన పిల్లలకు క్షయ వచ్చుచున్నదని నిర్ణయించిరి. మెడచుట్టు గ్రంథులు వాచి చీముపట్టుటను మనవారు గండమాల యందురు. అట్టి గండమాలలలోను, పిల్లల ప్రేగుల క్షయలోను ఈ పాలకు పాలున్నదని తేలినది.

ఇది నూరేండ్లనాటి సంగతి, మనకేల యని ఎవరైన అనవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2016వ సంవత్సరములో పశువుల మూలమున ప్రపంచమున 1,47,000 మందికి క్రొత్తగా క్షయ సోకినది. 12,500 మంది మరణించిరి. మన దేశమును గూర్చి 2018లో ప్రకటింపబడిన ఒక పరిశీలన కలదు. అంతకుముందు వేరువేరుచోట్ల జరిగిన పరీక్షలనన్నిటిని కూడగట్టి చూచినప్పుడు, నూటికి ఏడింటికి పైగా పశువులలో ఈ వ్యాధి జాడ కనబడినది. ఆ లెక్కన దేశమున రెండుకోట్లకు మించిన పశువులు వ్యాధిగ్రస్తములై యుండునని ఆ శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. ఇరుకు కొట్టములలో కట్టివేయబడి పెరుగు సంకరజాతి పశువులలో ఈ జాడ హెచ్చుగను, ఆరుబయట మేయు నాటు పశువులలో తక్కువగను ఉండుట పలు పరీక్షలలో కనబడినది. ఈ మాటను మీరు గుర్తుంచుకొనుడు; దీనితో మనకు ముందు పనియున్నది.

మరియొక విశేషము. తెల్లదేశములలో పశువుల క్షయకు కారణమైన క్రిమికి బోవిస్ అని పేరు. మన దేశములో దానికి చుట్టమైన ఒరిగిస్ అను క్రిమి ప్రముఖముగా కనబడుచున్నది. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో రోగులనుండి తీసిన 940 నమూనాలను పరీక్షించి 2020లో ఫలితములను ప్రకటించిరి. వానిలో ఏడింట ఒరిగిస్ కనబడినది. బోవిస్ సహజరూపమున ఒక్కదానియందును కనబడలేదు. సంఖ్య చిన్నదే. కాని పరదేశపు కొలతతో మన రోగమును కొలిచినచో అది కంటబడకపోవచ్చునని ఈ పరీక్ష తెలుపుచున్నది.

ఈ రోగము ఎట్లు వ్యాపించును? ముఖ్యముగా శ్వాసవలన. దగ్గు పశువు ప్రక్కనే రాత్రియంతయు ముక్కునకు ముక్కు తగులునట్లు మరియొక పశువును కట్టివేసినచో దానికి సోకును. పాలవలన దూడకు, మనుష్యునకు సోకును. ఉమ్మడి తొట్టి, ఉమ్మడి కుడితి, పేడతో తడిసిన గడ్డి కొంతవరకు కారణములు. ఎండ ఈ క్రిమికి శత్రువు. నీడపట్టున, తడిపేడలో మాత్రము అది వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు బ్రదుకును. వ్యాధి సోకిన పశువు వెంటనే చిక్కిపోదు. ఏండ్లతరబడి బలిసినట్లే కనబడుచు, దున్నుచు, ఈనుచు, లోపల ఊపిరితిత్తులలోను గ్రంథులలోను బుడిపెలను పెంచుకొనుచుండును. కంటితో చూచి ఇది ఆరోగ్యవంతమైన పశువని చెప్పుట ఎవరితరము కాదు. దానికి ట్యూబర్‌క్యులిన్ పరీక్షయే శరణ్యము. మెడచర్మములో చిటికెడు మందు ఎక్కించి, మూడు దినముల తరువాత ఆ చర్మపు మడత మందమును కొలుతురు. నాలుగు మిల్లీమీటర్లుగాని, అంతకు మించిగాని వాచినచో వ్యాధి సోకియున్నదని అనుమానింతురు.

ఇంతవరకు మందలోని మాట. అడవిలోని మాట ఇక వినుడు.

దక్షిణాఫ్రికాలో క్రూగరు జాతీయవనము లోకప్రసిద్ధమైనది. దాని దక్షిణపు హద్దున మొసళ్లనది ప్రవహించును. ఆ నదికి ఆవలిగట్టున రైతుల పశువులు మేయుచుండెడివి. 1960 ప్రాంతమున ఆ పశువులనుండి వ్యాధి అడవిదున్నలకు దాటినదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. దానిని మొట్టమొదట కనిపెట్టినది 1990లో! ముప్పది యేండ్లు అది ఎవరికంటను పడక మందనుండి మందకు ప్రాకినది. దున్నలను తిన్న సింహములకు సోకినది. ఉత్తరపు హద్దువరకు వ్యాపించినది. అంత సంపన్నమైన దేశమున, అంతమంది వైద్యులున్నను, నేటికిని దానిని ఆ వనమునుండి తొలగించు ఉపాయము దొరకలేదు. ఒక నదిని దాటుటకు రోగమునకు ఒక్క రోగిష్ఠి ఆవు చాలినది. దానిని తిరిగి నదిని దాటించుటకు ఒక రాజ్యము చాలలేదు.

అది దూరదేశము గదా యందురేమో. నేపాలులోని చిత్వన్ వనమున 2015లో చనిపోయిన ఖడ్గమృగమునందు, మన పశువులలో కనబడు ఒరిగిస్ క్రిమియే కనబడినది. దక్షిణ భారతపు అడవులలో మూడు అడవి ఏనుగులు క్షయతో మరణించినట్లు 2017లో ప్రకటించిరి. వానిలో నుండినది పశువుల క్రిమి సైతము కాదు, మనుష్యుల క్రిమి! అనగా అడవికి రోగమును మోసికొనిపోవు బండికి మనము ఒక చక్రము, మన మంద మరియొక చక్రము. రోగము అడవినుండి ఊరికి వచ్చునని భయపడువారు, మొదట ఊరినుండి అడవికి పోయినదేమో చూచుకొనవలెను.

అడవి మృగములకు సోకినచో వానిని చంపివేసిన సరిపోదా? ఈ ప్రశ్నకు ఇంగ్లండు మిక్కిలి వ్యయముచేసి సమాధానము వెదకినది. అచట బాడ్జరు అను బొరియజంతువు కలదు. 1971లో ఒక బాడ్జరు కళేబరమున పశువుల క్షయ కనబడినది. నాటినుండి రైతులకు, జంతుప్రేమికులకు నడుమ వివాదము. నిజము తేల్చుటకు 1998 మొదలు 2005 వరకు ముప్పది ప్రాంతములను ఎన్నుకొని గొప్ప పరీక్ష జరిపిరి. కొన్నింట బాడ్జర్లను పట్టిచంపిరి, కొన్నింట ముట్టలేదు. సుమారు 11,000 జంతువులు చచ్చినవి. 2007లో వెలువడిన నివేదిక చెప్పినదేమనగా, చంపినచోట మందలలో వ్యాధి సుమారు నాలుగవవంతు తగ్గినది. చుట్టుప్రక్కల మాత్రము దాదాపు అంతవంతు పెరిగినది. ఎందుకనగా బాడ్జర్లు కుటుంబములుగా ఎల్లలు ఏర్పరచుకొని బ్రదుకును. కొన్నిటిని చంపగా మిగిలినవి ఎల్లలు చెడి చెల్లాచెదరై, దూరదూరములు తిరిగి రోగమును మరింత దూరము మోసినవి. అయినను 2013 నుండి మరల చంపుట మొదలిడిరి. రెండులక్షలకు మించి బాడ్జర్లు చచ్చినవి, వివాదము చావలేదు.

నాకు అనుకూలమైన సాక్ష్యమునే మీ ముందుంచుట న్యాయము కాదు. న్యూజీలాండులో పోసము అను చెట్లజంతువును చంపుటవలన మేలు కలిగిన మాట నిజము. 1967లో దానియందు క్షయ కనబడినది. 1990 దశకపు మధ్యకాలమున ఆ దేశమున 1,700 వరకు వ్యాధిగ్రస్తమైన మందలుండగా, తరువాత కొద్ది పదులకు దిగినవి. కాని ఆ పోసము ఆ దేశపు బిడ్డ కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో బొచ్చుతోళ్లకొరకు ఆస్ట్రేలియానుండి తెచ్చి వదలిన జంతువు. అచటి చెట్లకు, పక్షులకు అదియే ముప్పు. దానిని తగ్గించుటవలన అడవికిని మేలే. మన కణుజు, కొండగొర్రె, అడవిదున్న అట్టివి కావు. అవి ఈ కొండలకు మనకంటె ముందు వచ్చినవి. చట్టము వానిని కాపాడుచున్నది. చట్టము లేకున్నను కాపాడదగినవే.

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున 1994 తరువాత అడవి జింకలలో ఈ వ్యాధి కనబడినది. అచట వేటకాండ్రు జింకలను ఆకర్షించుటకు దుంపలను కుప్పలుగా పోయుచుండెడివారు. విడివిడిగా మేయవలసిన జింకలు ఒక్క కుప్పమీద ముట్టెలు చేర్చుటవలన రోగము పెరిగినది. ఆ కుప్పలు పోయరాదని శాసించుట అచటి చికిత్సలో ముఖ్యభాగమైనది. దీనినుండి మనము నేర్వదగినదేమనగా, గుంపు చేర్చుటయే రోగమునకు మేతవేయుట. అది జింకలకు ఎంత నిజమో, ఇరుకు కొట్టములోని ఆవులకును అంతే నిజము.

చంపుటవలన కలిగిన ఫలము చూచితిమి. మందను బాగుచేసి అడవిని కాపాడిన కథ ఒకటి కలదు. దానిలో మన దేశమునకును గొప్ప పాత్ర యున్నది. అది రిండర్‌పెస్టు, అనగా మన పెద్దలు పెద్దరోగమని భయముతో పలికిన పశువుల మారి. అది క్షయవలె నెమ్మదిగా తినునది కాదు. పదిదినములలో కొట్టమును ఖాళీచేయునది. 1954లో మన ప్రభుత్వము దాని నిర్మూలనమునకు జాతీయ కార్యక్రమమును ప్రారంభించెను. టీకాలవారు ఊరూర తిరిగిరి. కొండలెక్కిరి. 1995లో కనబడినదే ఈ దేశమున చివరిది. 2006లో భారతదేశమును ఆ వ్యాధినుండి విముక్తమైనదిగా అంతర్జాతీయ సంస్థ అంగీకరించెను. 2011లో అది భూమిమీదనే లేదని ప్రకటించిరి. మనుష్యుడు భూమినుండి తుడిచిపెట్టిన వ్యాధులు రెండే రెండు: ఒకటి మనుష్యుల మశూచి, రెండవది పశువుల పెద్దరోగము.

ఈ పెద్దరోగము అడవిదున్నలను, జింకలను కూడ చంపెడిది. తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానమున వైల్డెబీస్టు అను మృగముల దూడలు ఏటేట దీనితో చచ్చుచుండెను. రోగము ఆ అడవి మృగములలోనే కాపురమున్నదని కొందరు తలచిరి. కాని చుట్టుపట్ల రైతుల పశువులకు టీకాలు వేయగానే, ఒక్క అడవి మృగమునకైనను సూది గ్రుచ్చకుండగనే, అడవిలో రోగము మాయమైనది. 1960 దశకారంభమున రెండున్నర లక్షలుండిన వైల్డెబీస్టులు 1970 దశకము చివరకు పదమూడు లక్షలైనవి. ఒక్క తుపాకి ప్రేలలేదు. మంద ఆరోగ్యమే అడవి ఆరోగ్యమగునని ఇంతకంటె స్పష్టముగా చెప్పు నిదర్శనము నాకు తెలియదు.

అయినచో క్షయకును టీకా వేసి ఊరుకొందుము గదా? ఇచటనే చిక్కు వచ్చినది. క్షయకు బి.సి.జి. అను టీకా కలదు. ఆ టీకా పుట్టుక ఆవుతోడనే ముడిపడియున్నది. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఆవుపొదుగునుండి తీసిన క్షయక్రిమిని 1908 మొదలు పదుమూడేండ్లపాటు, 230 మారులు ఒక గిన్నెనుండి మరియొక గిన్నెకు మార్చుచు పెంచి, దాని విషమును విరిచిరి. 1921లో మొదటి బిడ్డకు ఇచ్చిరి. మన దేశమున ఆ టీకా 1948లో మొదట వేయబడినది మన తెలుగుగడ్డ యైన మదనపల్లెలోనే. నేడు మీ బిడ్డల భుజములమీద కనబడు చిన్నమచ్చ ఒక ఆవు మనకిచ్చిన కానుక. ఆ ఆవులకు మాత్రము ఆ టీకా నూరేండ్లు అందలేదు. కారణమేమనగా, టీకా వేసిన ఆవు ట్యూబర్‌క్యులిన్ పరీక్షలో రోగిష్ఠి ఆవువలెనే కనబడును; ఏది టీకాయో ఏది రోగమో తెలియదు. ఇప్పుడు ఆ రెంటిని వేరుపరచు క్రొత్త పరీక్షలు వచ్చినవి. ఇథియోపియాలో జరిగిన ప్రయోగమున టీకా వేసిన పశువులలో వ్యాధి వ్యాప్తి 89 శాతము తగ్గగలదని 2024లో ప్రకటించిరి. ఇది ఆశ కలిగించు వార్త. కాని ఆశ కొండయెక్కి మన కొట్టమునకు చేరుటకు కాలము పట్టును.

అమెరికావారు 1917లో మొదలిడిన మార్గము వేరు: పరీక్షించుట, పట్టుబడిన పశువును వధించుట, రైతునకు నష్టపరిహారమిచ్చుట. దానివలన వారి దేశమున వ్యాధి చాలవరకు తొలగినది. ఆ మార్గము మనకు పొసగదు. మన రాష్ట్రమున 1977నాటి గోవధ నిషేధ చట్టము కలదు. చట్టమును ప్రక్కకుపెట్టినను, ఉన్న ఒక్క జత యెద్దులలో ఒకదానిని తీసికొనిపోయినచో ఆ కుటుంబము తొలకరిలో ఏమి చేయును? 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పశువ్యాధి నియంత్రణ కార్యక్రమము గాలికుంటునకు, బ్రూసెల్లా వ్యాధికి ఉద్దేశింపబడినది. క్షయ అందులో చేరలేదు. కావున ఇప్పటికి బరువు చాలవరకు మనమీదనే యున్నది.

ఇచట ఒక నిష్ఠురమైన మాట చెప్పవలసియున్నది. దగ్గుచు చిక్కిపోవు ఆవు ఇంటనున్నచో పేదవాడు ఏమిచేయును? సంతకు తోలును. కొన్నవాడు తన కొట్టమునకు తెచ్చుకొనును. రోగము ఒక ఊరినుండి మరియొక ఊరికి రొక్కమిచ్చి కొనితెచ్చుకొన్నట్లగును. అట్లు తోలినవానిని తప్పుపట్టుట సులభము. కాని ఆ ఆవు విలువను వానికి ఇచ్చువారెవరు? వ్యాధిని దాచనివానికి నష్టము, దాచినవానికి లాభము కలుగు ఏర్పాటున్నంతకాలము వ్యాధి దాగియే యుండును. పరీక్షలో పట్టుబడిన పశువునకు పరిహారమో, మారుపశువో ఇచ్చు పద్ధతి ఏర్పడనిది ఎన్ని ఉపన్యాసములిచ్చినను ఫలము కొద్దియే. ఈ సభద్వారా అధికారులకు నేను చేయు విన్నపము ఇదియే.

ఇక మనచేతిలో నున్న పనులు చెప్పెదను. ఇవి వ్యయసాధ్యములు కావు.

మొదటిది, కొనుగోలు. మన కొండపశువులు ఆరుబయట తిరుగునవి, పొట్టివి, పాలు తక్కువవి. అయినను ఈ వ్యాధి వానిలో తక్కువగా నుండుటకు అవకాశము హెచ్చు. ఋణములమీద మైదానమునుండి వచ్చు పెద్దపొదుగు పాడిపశువులు ఇరుకు కొట్టములలో పెరిగినవి. వానిని వలదనను; పరీక్షింపక తేవలదందును. ట్యూబర్‌క్యులిన్ పరీక్ష ముగిసిన పశువునే కొండ ఎక్కింపవలెను. క్రొత్తపశువును కొంతకాలము వేరుగా కట్టవలెను. గ్రామసంఘము ఈ ఒక్క నియమమును పట్టుదలతో పాటించినచో సగము పని అయినట్లే.

రెండవది, కొట్టము. వానకు, పులికి వెరచి మనవారు కొట్టమును నాలుగువైపుల మూసివేయుదురు. పైభాగమున గాలి వెళ్లుటకు చోటు విడువుడు. పేడను దూరముగా తీసి ఎండలో వేయుడు. దగ్గు పశువును మందనడుమ కట్టకుడు. వేరు తొట్టిలో నీరు పెట్టుడు.

మూడవది, పాలు. తూర్పు కనుమలలోని గిరిజనులలో పలువురు, ముఖ్యముగా సవరల పెద్దలు, ఆవుపాలు దూడవేయని తలచి పితుకుట ఎరుగరు. ఆ ధర్మము వారి బిడ్డలను ఈ వ్యాధినుండి కొంత కాపాడియుండును. ఇప్పుడు పాలవాడుక పెరుగుచున్నది. పెరుగవలసినదే, పిల్లలకు బలము కావలెను. కాని పచ్చిపాలు వలదు. ఒక్క పొంగు పొంగువరకు కాచినచో క్షయక్రిమి చచ్చును. దీనికి పైసా ఖర్చులేదు.

నాలుగవది, మనుష్యుడు. దగ్గు రెండువారములు పోని కాపరిని పశువుల వెంట పంపకుడు, ఆస్పత్రికి పంపుడు. ప్రభుత్వమువారు కఫపరీక్షను, మందులను ఉచితముగా ఇచ్చుచున్నారు. తాను పశువులతో పనిచేయువాడనని వైద్యునితో చెప్పుట మరువరాదు. ఏనుగులకు అంటినది మనుష్యుల క్రిమియేనని ముందు చెప్పితిని గదా!

ఐదవది, అడవి. చచ్చిన పశువును గెడ్డలోనో, అడవి అంచుననో పారవేయకుడు. అడవిపంది, నక్క దానిని తినును. రోగము అచటినుండి నడచును. లోతుగా పాతిపెట్టుడు. మంద నీళ్లు త్రాగు రేవును ఒక్కచోటికి ఏర్పరచుడు. అడవిలో ఏ మృగమైన చచ్చి పడియున్నచో ముట్టక, దాని మాంసము నాశింపక, అటవీశాఖవారికి తెలుపుడు. క్రూగరులో ముప్పదియేండ్లు కనబడనిది ఒక కాపరి కంటికి ముందుగా కనబడవచ్చును.

ఈ సందర్భమున చట్టమును గూర్చి రెండుమాటలు. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. 1991లో దానికి చేర్చిన 33-ఏ విభాగము ప్రకారము, అభయారణ్యములోను, దానికి 5 కిలోమీటర్లలోపలను ఉన్న పశువులకు అంటువ్యాధులు రాకుండ టీకాలు వేయించుట వన్యప్రాణి అధికారుల బాధ్యత. పాపికొండలవంటి రక్షిత వనముల చెంత నున్న ఊళ్లవారు దీనిని అడుగు హక్కు కలవారు. సీతంపేట అడవులు అభయారణ్యము కాకున్నను ఆ సూత్రము ఇచటను చెల్లదగినది. మరియొకవైపు, 2006నాటి అటవీహక్కుల చట్టము అడవిలో పశువులను మేపుకొను హక్కును గిరిజనులకు గుర్తించినది. ఈ రెండు చట్టములు పోరాడుకొనునవి కావు. రోగము పేరుచెప్పి మందలను అడవినుండి తరుముట ఒక అన్యాయము. హక్కు పేరుచెప్పి రోగిష్ఠి మందను అడవిలోనికి తోలుట మరియొక అన్యాయము. మేపు హక్కు నిలువవలెనన్నచో మేయు మంద ఆరోగ్యవంతముగా నుండవలెను. ఆ ఆరోగ్యమునకు కావలసిన వైద్యుని, పరీక్షను కొండమీదికి పంపుట ప్రభుత్వధర్మము.

చివరగా గ్రంథాలయమునకు ఒక మనవి. ఇచట వేలకొలది పుస్తకములున్నవి. వానితోపాటు ఒక వ్రాతపుస్తకము నుంచుడు. అందులో ఊరివారీగా ఎన్ని పశువులున్నవి, ఏది ఎచటినుండి ఎప్పుడు వచ్చినది, ఏది ఏ లక్షణముతో చచ్చినది, టీకాలు ఎప్పుడు పడినవి, అడవిలో ఏ మృగము ఎచట చచ్చియుండుట కనబడినది వ్రాయుడు. చదువువచ్చిన ఒక సవర యువకుడో, జాతాపు బాలికయో వారమునకొకమారు వచ్చి వ్రాసిన చాలును. పెద్దరోగమును భూమినుండి తరిమినది టీకా ఒక్కటే కాదు. ఏ ఊరిలో ఏ దినమున ఏ పశువు చచ్చినదో పట్టువిడువక వ్రాసిన పుస్తకములు కూడ దానిని తరిమినవి. పదేండ్ల తరువాత ఒక పశువైద్యుడు ఈ కొండలకు వచ్చి రోగము ఎచట మొదలైనదని అడిగినప్పుడు, సమాధానము చెప్పగల పుస్తకము ఈ గ్రంథాలయమున నుండవలెను. అట్టి పుస్తకమును మరియే పుస్తకాలయమునుండియు కొనితేలేము, మనమే వ్రాసికొనవలెను.